కరువు సీమల జలాశయాల్లో సయనోబ్యాక్టీరియా

సయనోబ్యాక్టీరియా అంటే సూర్యరశ్మితో ఆహారం తయారు చేసుకునే ఒక రకం బ్యాక్టీరియా. బడి పుస్తకాల్లో నీలి ఆకుపచ్చ శైవలాలుగా చదువుకున్నవి ఇవే. గట్టు మీద నిలబడి చూసేవారికి మాత్రం చెరువులో తేలే పచ్చదనమంతా పాచే. అన్నీ హానికరం కావు. మైక్రోసిస్టిస్, అనబీనా, సిలిండ్రోస్పెర్మాప్సిస్ వంటి కొన్ని ప్రజాతుల్లోని రకాలు కాలేయాన్నో నరాలనో దెబ్బతీసే విషాలు తయారు చేస్తాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న ప్రాంతాల్లోని జలాశయాలంటే వీటికి పండగే. అక్కడ నీరు ఎంత ప్రమాదకరంగా మారగలదో 1996లో ఈశాన్య బ్రెజిల్‌లోని కరువారు పట్టణం చూపించింది.

కరువారు పెర్నాంబుకో రాష్ట్రంలో, రాజధాని రెసీఫెకు పడమరగా సుమారు 130 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ పట్టణంలోని ఒక డయాలసిస్ కేంద్రానికి ట్యాంకర్లలో నీళ్లు వచ్చేవి. జలాశయం నుంచి వచ్చిన ఆ నీటిని సరిగా వడపోయలేదు, క్లోరిన్ కూడా కలపలేదు. ఫిబ్రవరి 17 నుంచి 20 వరకు అక్కడ చికిత్సకు వచ్చిన 130 మందిలో 116 మందికి కళ్లు మసకబారాయి, వికారం, వాంతులు మొదలయ్యాయి. మార్చి 24 నాటికి 26 మంది కాలేయం విఫలమై చనిపోయారు. డిసెంబరు నాటికి 52 మరణాలకు ఇదే కారణమని పరిశోధకులు తేల్చారు. అదే ఊళ్లోని మరో డయాలసిస్ కేంద్రానికీ ఆ జలాశయం నీళ్లే వచ్చేవి. కాకపోతే అక్కడికి చేరేది వడపోసి, క్లోరిన్ కలిపిన నీరు. ఆ కేంద్రంలోని రోగులకు ఈ జబ్బు రాలేదు.

డయాలసిస్ రోగికి ఒక్క విడతలోనే సుమారు 120 లీటర్ల నీరు అవసరమవుతుంది. ఆ నీటికీ రోగి రక్తానికీ మధ్య ఉండేది పల్చటి పొర ఒక్కటే. నీళ్లు తాగినవారి పేగులు ఎంతో కొంత విషాన్ని అడ్డుకుంటాయి. ఇక్కడ ఆ అవకాశం కూడా లేదు, విషం నేరుగా రక్తంలో కలిసింది. చనిపోయినవారి కాలేయంలోనూ, కేంద్రంలోని కార్బన్ ఫిల్టర్లలోనూ మైక్రోసిస్టిన్ దొరికింది.

ఏడు అమైనో ఆమ్లాలు వలయంలా బిగుసుకున్న చిన్న అణువు మైక్రోసిస్టిన్. కాలేయ కణాల్లో ప్రొటీన్లను అదుపులో ఉంచే ఫాస్ఫటేజ్ అనే ఎంజైములను ఇది స్తంభింపజేస్తుంది. దాంతో కణాల లోపలి చట్రం కుప్పకూలుతుంది, కాలేయంలోనే రక్తస్రావం జరుగుతుంది. మరిగించినా ఈ వలయం విడదు. నీళ్లు కాచి తాగితే ఏ భయమూ లేదన్న మన పాత నమ్మకం కలరా, టైఫాయిడ్ క్రిముల విషయంలో నిజమే. ఈ విషం ముందు మాత్రం ఆ కిటుకు పనిచేయదు.

ఈ ప్రమాదం గురించి కరువారు కంటే ముందే ఒక హెచ్చరిక వచ్చింది. 1988లో బ్రెజిల్‌లోనే సావో ఫ్రాన్సిస్కో నది మీద కొత్తగా కట్టిన ఇతపారికా ఆనకట్ట నిండాక, దిగువన బహియా రాష్ట్రంలో 42 రోజుల్లో సుమారు 2,000 మందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. 88 మంది చనిపోయారు, ఎక్కువగా పిల్లలే. కాచిన నీళ్లు తాగినవాళ్లు కూడా జబ్బుపడటంతో అనుమానం సయనోబ్యాక్టీరియా వైపు మళ్లింది. ఆ నీటిలో అనబీనా, మైక్రోసిస్టిస్ పెద్ద ఎత్తున కనిపించాయి.

కరువు సీమల్లోనే ఈ బెడద ఎందుకెక్కువ? ఈశాన్య బ్రెజిల్‌లోని మెట్ట ప్రాంతాల్లో ఏటా కురిసేది 400 నుంచి 800 మిల్లీమీటర్ల వానైతే, నీటి ఉపరితలం నుంచి ఆవిరయ్యేది సుమారు 2,000 మిల్లీమీటర్లు. వాగులు పారేది ఏడాదిలో కొన్ని నెలలే. ఇక నీరు నెలల తరబడి కదలకుండా నిలిచి, ఆవిరైపోతూ చిక్కబడుతుంది. పశువుల పేడ, పొలాల ఎరువులు, ఊళ్ల మురుగు తెచ్చిన ఫాస్ఫరస్ అందులోనే మిగిలి సయనోబ్యాక్టీరియాకు ఎరువవుతుంది. సియరా రాష్ట్రంలోని కస్తన్యావ్ జలాశయం సామర్థ్యం దాదాపు 236 టీఎంసీలు, అంటే మన శ్రీశైలం కంటే కాస్త పెద్దది. 2012లో మొదలైన సుదీర్ఘ కరువులో అందులో నీటి నిల్వ 5 శాతానికి దిగువకు పడిపోయింది.

ఇలాంటి నీటిలో సయనోబ్యాక్టీరియాకు మరో సౌకర్యం ఉంది. వీటిలో చాలావాటి కణాల్లో గాలి నిండిన సన్నని తిత్తులుంటాయి. వాటి సాయంతో వెలుగు ఉన్న చోటికి తేలి వస్తాయి. గాలి వాటిని ఒక ఒడ్డుకు నెడితే అక్కడ పచ్చ రంగు కలిపినట్టు మందపాటి తెట్టు కడుతుంది. జలాశయం నడిమధ్యన తేటగా కనిపించినా ఆ ఒడ్డున విషం ఎన్నో రెట్లుంటుంది. పశువులు నీళ్లకు దిగేది కూడా ఒడ్డునే. తెట్టు ఎండి గట్టుకు అంటుకున్నా అందులోని విషం నెలల తరబడి పోదు.

పశువుల మరణాల చరిత్ర ఇంకా పాతది. ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రీనా సరస్సు తెట్టు తాగి పశువులు చనిపోతున్నాయని జార్జ్ ఫ్రాన్సిస్ 1878లోనే ‘నేచర్’ పత్రికలో రాశాడు. అదే దేశంలో 1991 చివర డార్లింగ్ నది పొడవునా సుమారు వెయ్యి కిలోమీటర్ల మేర అనబీనా పరుచుకోవడంతో న్యూసౌత్‌వేల్స్ ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. 2020లో బోట్స్‌వానాలోని ఒకవాంగో ప్రాంతంలో 330కి పైగా ఏనుగులు చనిపోతే, నీటికుంటల్లోని సయనోబ్యాక్టీరియా విషమే కారణమని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. మన హైదరాబాద్ హుసేన్ సాగర్ తరచూ పచ్చబడటం వెనుక కూడా మైక్రోసిస్టిస్ ఉంది. అయితే అక్కడ కరువు కంటే మురుగుదే పెద్ద పాత్ర.

పచ్చబడిన నీటిని చూడగానే ఎవరికైనా ముందు తోచేది మందు చల్లి చంపేయడమే. తొందరపడితే ఇదే అన్నిటికంటే పెద్ద పొరపాటు. విషంలో చాలా భాగం బతికున్న కణం లోపలే ఉంటుంది. కణం పగిలితే అదంతా నీటిలో కలుస్తుంది. 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ద్వీపంలో తాగునీటి జలాశయంలో మైలుతుత్తం చల్లారు. కొద్ది రోజులకే 148 మంది కాలేయం, మూత్రపిండాల జబ్బుతో మంచం పట్టారు, వారిలో పిల్లలే ఎక్కువ. ఆ నీటిలో దొరికిన సిలిండ్రోస్పెర్మాప్సిస్ నుంచే తర్వాత సిలిండ్రోస్పెర్మాప్సిన్ అనే విషాన్ని వేరుచేశారు.

నీటిశుద్ధిలో వరస ముఖ్యం. ముందు పటిక వేసి, వడపోసి, కణాలను పగలకుండా తొలగించాలి. కరిగిన విషాన్ని యాక్టివేటెడ్ కార్బన్‌తో పట్టాలి, ఆ కార్బన్‌ను వేళకు మార్చాలి. క్లోరిన్ వంతు ఆ తర్వాతే. తగిన మోతాదులో, తగినంత సేపు ఉంచితే అది మైక్రోసిస్టిన్‌ను కూడా విరగ్గొడుతుంది.

తాగునీటిలో మైక్రోసిస్టిన్-ఎల్ఆర్ అనే రకం లీటరుకు ఒక మైక్రోగ్రామ్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో సూచించింది. బ్రెజిల్ 2000లో సయనోబ్యాక్టీరియా పరీక్షలను చట్టబద్ధం చేసింది. ఒక మిల్లీలీటరు నీటిలో వీటి కణాలు 20,000 దాటితే జలాశయంలో నాచును చంపే మందు వాడటాన్నే నిషేధించింది.