కంపెనీ కారు ఎంపిక (ఖమ్మం - భద్రాచలం ప్రాంతం)

కంపెనీ కారు అనగా ఒక సంస్థ తన పేరిట కొని గానీ, అద్దెకు తీసుకొని గానీ ఉద్యోగి వాడకానికి ఇచ్చే కారు. ఉద్యోగి దానిని ఆఫీసు పనికే కాక సొంత పనులకు కూడా వాడుకొనే పక్షంలో ఆ సౌకర్యాన్ని జీతంలో భాగంగా లెక్కగట్టి ఆదాయపు పన్ను వసూలు చేస్తారు. అందువలన ఏ కారు ఎంచుకోవాలి అనే ప్రశ్నలో ధర, మైలేజీలతో పాటు పన్ను కూడా వచ్చి చేరుతుంది. ఖమ్మం నుండి భద్రాచలం దాకా, అక్కడి నుండి ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిషా అడవుల దాకా తిరిగే వాహనాల విషయంలో మాత్రం పన్ను కంటే నంబరు ప్లేటు రంగు, రాష్ట్ర సరిహద్దు మరియు గోదావరి ఎక్కువ ప్రభావం చూపుతాయి.

నేపథ్యం

ఈ ప్రాంతం అడవి ప్రాంతమే అయినా పెద్ద పరిశ్రమలు ఇక్కడ చాలా గలవు. సింగరేణి కాలరీస్ ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో, థర్మల్ విద్యుత్ కేంద్రం పాల్వంచలో, భారజల కర్మాగారం మణుగూరు సమీపాన అశ్వాపురం మండలంలో ఉన్నాయి. భద్రాచలానికి ఎదురుగా గోదావరి కుడి గట్టున సారపాకలో కాగితం మిల్లు కలదు. భద్రాచలం పేపర్ బోర్డ్స్ పేరుతో మొదలైన ఈ మిల్లు 2002లో ఐటీసీలో విలీనమైంది. వీటి అధికారులు, కాంట్రాక్టర్లు, బ్యాంకుల వారు నిత్యం కార్లలో తిరుగుతుంటారు. ఖమ్మం నుండి కొత్తగూడెం సుమారు 80 కిలోమీటర్లు, అక్కడి నుండి భద్రాచలం మరో 40 కిలోమీటర్లు. కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం మీదుగా వెళ్లే జాతీయ రహదారికి పూర్వపు సంఖ్య 221, ఇప్పటి సంఖ్య 30. ఇది కుంట మీదుగా జగదల్‌పూర్‌కు పోతుంది.

ఒకప్పుడు ఇటువంటి కార్యాలయాల ముందు అంబాసిడర్లు, జీపులు కనిపించేవి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఆ స్థానాన్ని అడవి దారుల్లో బొలెరో, దూర ప్రయాణాలకు ఇన్నోవా ఆక్రమించాయి. ఈ రెండింటి మధ్య తేడాయే పన్ను లెక్కకు మంచి ఉదాహరణ.

ఉద్యోగిపై పడే పన్ను

2005లో వచ్చిన ఫ్రింజ్ బెనిఫిట్ ట్యాక్సు కాలంలో ఇటువంటి సౌకర్యాలపై పన్నును యజమానే కట్టేవాడు. 2009లో అది రద్దు కావడంతో భారం తిరిగి ఉద్యోగి మీదికి వచ్చింది. అప్పటి నుండి 1962 నాటి ఆదాయపు పన్ను నియమాలలోని 3వ నియమం ప్రకారం లెక్క ఇలా సాగింది. కారు కంపెనీది, ఖర్చులు కంపెనీవే, వాడకం కొంత ఆఫీసుకు కొంత సొంతానికి అయితే, ఇంజిను 1.6 లీటర్లకు మించనప్పుడు నెలకు 1,800 రూపాయలు, మించితే 2,400 రూపాయలు ఆ సౌకర్యం విలువ. డ్రైవరును కూడా ఇస్తే మరో 900 రూపాయలు. సొంత వాడకానికి అయ్యే ఇంధనాన్ని ఉద్యోగే భరిస్తే 1,800కు బదులు 600, 2,400కు బదులు 900.

ఇక్కడ గమనించవలసింది, కారు ధర ఈ లెక్కలోకి రాదు. తిరిగిన దూరం కూడా రాదు. బొలెరో ఇంజిను 2016 తరువాతి నమూనాలలో 1.5 లీటర్లది కనుక మొదటి తరగతిలోకి, 2 లీటర్లు దాటిన డీజిల్ ఇన్నోవా రెండవ తరగతిలోకి వస్తాయి. డ్రైవరుతో కలిపి చూస్తే సంవత్సరానికి మొదటిదాని విలువ 32,400, రెండవదాని విలువ 39,600 రూపాయలు. 30 శాతం శ్లాబులో ఉండి 4 శాతం సెస్సు కట్టే అధికారికి వరుసగా సుమారు 10,109, 12,355 రూపాయల పన్ను పడుతుంది. అనగా పెద్ద కారు తీసుకున్నందుకు ఉద్యోగి అదనంగా కట్టేది నెలకు 187 రూపాయలు మాత్రమే. రెండు కార్ల ధరలలోని లక్షల తేడా ముందు ఇది లెక్కలోనిది కాదు. పన్ను కోసం చిన్న ఇంజిను ఎంచుకోవాలన్న సలహా ఈ కారణంగా అంత బలమైనది కాదు.

2020-21 నుండి వచ్చిన కొత్త పన్ను విధానంలో ఇంటి అద్దె భత్యం వంటి మినహాయింపులు పోయినా, కారుకు ఇలా స్థిరమైన విలువ కట్టే పద్ధతి పోలేదు. 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. కాబట్టి పై మొత్తాలు అంతకు ముందరి సంవత్సరాలవి. తరువాతి సంవత్సరాలకు కొత్త నియమాలలోని మొత్తాలనే చూసుకోవాలి.

పాత చట్టం ప్రకారం ఇంటి నుండి పని స్థలానికి, అక్కడి నుండి ఇంటికి చేసే ప్రయాణం సౌకర్యంగా పరిగణించబడదు. పూర్తిగా ఆఫీసు పనికే వాడిన కారుకు విలువ సున్నా. అయితే తేదీ, వెళ్లిన చోటు, కిలోమీటర్లు, ఖర్చు నమోదు చేసిన లాగ్ బుక్కు, దానితో పాటు యజమాని ధ్రువపత్రం ఉండాలి. గనికి, క్వార్టర్సుకు మధ్య తిరిగే కారులో ఆదివారం భద్రాచల రామాలయానికి కుటుంబంతో వెళ్లివస్తే అది సొంత వాడకమే. పూర్తిగా సొంతానికే వాడిన కారుకు స్థిరమైన విలువ వర్తించదు. అసలు ఖర్చుతో పాటు కారు ధరలో సంవత్సరానికి 10 శాతం తరుగుదలగా కలుపుతారు. 10 లక్షల కారుకు ఆ ఒక్క పద్దే లక్ష రూపాయలు. కనుక ఇంజిను పరిమాణం కంటే లాగ్ బుక్కు సరిగా రాయడం వలననే ఎక్కువ డబ్బు మిగులుతుంది.

సంస్థ లెక్క

డ్రైవరుతో కలిపి 13 మంది వరకు పట్టే వాహనంపై కట్టిన జీఎస్టీని మామూలు సంస్థ తిరిగి రాబట్టుకోలేదు. అందుచేత జీఎస్టీ రేటు నేరుగా ఖర్చే. 2025 సెప్టెంబరు 22 నుండి 4 మీటర్లలోపు పొడవు ఉండి, ఇంజిను పెట్రోలుకు 1200 సీసీ, డీజిలుకు 1500 సీసీ మించని కార్లకు 18 శాతం, మిగిలిన పెట్రోలు, డీజిలు కార్లకు 40 శాతం, విద్యుత్ కార్లకు 5 శాతం చొప్పున రేట్లు అమలయ్యాయి. ఉద్యోగి పన్నులో 187 రూపాయలుగా కనిపించిన తేడా ఇక్కడ లక్షలలోకి మారుతుంది. 1961 చట్టం కింద కంపెనీ కారుపై సంవత్సరానికి 15 శాతం, బాడుగకు తిప్పే కారుపై 30 శాతం తరుగుదల అనుమతించేవారు. సంస్థల పేరిట నమోదయ్యే కార్లకు తెలంగాణలో లైఫ్ ట్యాక్సు శాతం కూడా వ్యక్తుల కార్ల కంటే ఎక్కువ.

తెల్ల ప్లేటు, పసుపు ప్లేటు

అనేక కార్యాలయాలు కారు కొనకుండా నెలవారీ అద్దెకు తీసుకుంటాయి. డ్రైవరు, మరమ్మతులు యజమాని చూసుకుంటాడు. కారు ఓనరు చాలాసార్లు అప్పు చేసి ఒక్క కారు కొనుక్కున్న స్థానికుడే. అద్దెకు తిరిగే కారుకు రవాణా వాహనంగా నమోదు, పర్మిట్టు, పసుపు ప్లేటు తప్పనిసరి. పన్నులు, ఫిట్‌నెస్ ఖర్చులు తప్పించుకొనేందుకు తెల్ల ప్లేటు కారునే అద్దెకు పెట్టే అలవాటు కూడా ఉన్నది. ప్రమాదం జరిగిన రోజున దీని అసలు ధర తెలుస్తుంది. పర్మిట్టు లేకుండా వాహనం తిప్పడం బీమా షరతుల మౌలిక ఉల్లంఘన అని 2018లో అమృత్ పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అటువంటి కేసులలో బీమా సంస్థ బాధితులకు పరిహారం చెల్లించినా, ఆ మొత్తాన్ని వాహన యజమాని నుండి రాబట్టుకోవచ్చును. అద్దెకు తీసుకొనే సంస్థ పత్రాలు చూడకపోతే నష్టపోయేది ముందుగా ఆ చిన్న ఓనరే.

కంపెనీ తన సొంత కారులో తన సిబ్బందిని తిప్పుకోవడం అద్దె కాదు. కానీ డ్రైవరు కాక ఆరుగురికి మించి పట్టే బండిని వ్యాపార పనికి వాడితే మోటారు వాహనాల చట్టం దానిని ప్రైవేటు సర్వీసు వాహనంగా, అనగా రవాణా వాహనంగానే చూస్తుంది. ఏడు సీట్లా, ఎనిమిది సీట్లా అనే ప్రశ్నకు అందుకే ప్రాధాన్యం కలదు.

సరిహద్దు

2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, చుట్టుపక్కల గ్రామాలు అవతలికి వెళ్లాయి. భద్రాచలం దాటగానే ఎటపాక ఆంధ్రప్రదేశ్. తెలంగాణలోనే ఉన్న దుమ్ముగూడెం, చర్లలకు వెళ్లే రోడ్డు సైతం కొంత దూరం ఆంధ్రప్రదేశ్ గ్రామాల గుండా పోతుంది. తెల్ల ప్లేటు కారుకు దీనివలన ఇబ్బంది లేదు. ఒకే రాష్ట్రపు పర్మిట్టు ఉన్న పసుపు ప్లేటు కారుకు మాత్రం అవతలి రాష్ట్రంలో తాత్కాలిక పర్మిట్టు, పన్ను కావాలి. చింతూరు, కుంట వైపు తరచుగా తిరిగే పని ఉన్న సంస్థ అఖిల భారత టూరిస్టు పర్మిట్టు ఉన్న కారునే అద్దెకు తీసుకోవడం మేలు. ఒక రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ తిరిగి నమోదు చేయించాలి. పాత ఏపీ 20 నుండి టీఎస్ 04 (ఖమ్మం), టీఎస్ 28 (కొత్తగూడెం), 2024 నుండి టీజీగా మారిన సంఖ్యలన్నీ ఈ రోడ్డు మీద పక్కపక్కనే కనిపిస్తాయి.

ఇంధనం

పెట్రోలు, డీజిలు జీఎస్టీ పరిధిలో లేనందున ధర రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. తెలంగాణలో విలువ ఆధారిత పన్ను పెట్రోలుపై 35.2 శాతం, డీజిలుపై 27 శాతంగా 2015 నుండి కొనసాగింది.

2020 ఏప్రిల్ 1న వచ్చిన బీఎస్-6 ప్రమాణాల తరువాత డీజిలు కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడు వేగంగా, ఆగకుండా కొంత దూరం నడవాలి. ఖమ్మం - భద్రాచలం మధ్య తిరిగే కారుకు ఇది సమస్య కాదు. క్వార్టర్సు నుండి ఆఫీసుకు మూడు నాలుగు కిలోమీటర్లు మాత్రమే నడిచే కారుకు పెట్రోలే మంచిది. సీఎన్‌జీ చవక అయినా డిక్కీ చోటు తగ్గుతుంది, అడవిలోకి వెళ్లేకొద్దీ దొరకడం కష్టం.

విద్యుత్ కారుకు తక్కువ జీఎస్టీతో పాటు, తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము మినహాయించింది. 1962 నియమాలలో సౌకర్యం విలువకు ఇంజిను లీటర్లే కొలత కనుక, ఇంజినే లేని ఈ కార్లకు స్పష్టమైన తరగతి ఉండేది కాదు. విద్యుత్తు పుట్టేది పాల్వంచలోనే అయినా, కారు ఖమ్మం నుండి భద్రాచలం వెళ్లి రావడానికి 240 కిలోమీటర్లు కావాలి. కొత్తగూడెం ఎండలు 45 డిగ్రీలు దాటినప్పుడు ఏసీ వాడకం వలన బ్యాటరీ మీద వచ్చే దూరం మరికొంత తగ్గుతుంది. పట్టణ పరిధిలోని వాడకానికి మాత్రం ఇది లాభసాటి.

రోడ్లు, వరద

మణుగూరు వైపు బొగ్గు లారీల దుమ్ముకు ఎయిర్ ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది. చింతూరు - మారేడుమిల్లి ఘాట్ రోడ్డుకు ఇంజినులో సత్తువ, వాగులపై చప్టాలు దాటేందుకు ఎత్తైన బండి కావాలి. భద్రాచలం వద్ద గోదావరి మట్టం 43 అడుగులకు మొదటి, 48కి రెండవ, 53కి మూడవ ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు నమోదైంది. 2022లో వంతెనపై రాకపోకలు ఆపివేయగా సారపాక, భద్రాచలం మధ్య సంబంధం తెగిపోయింది. నీరు చొరబడి ఇంజిను పాడైతే సాధారణ సమగ్ర బీమా సామాన్యంగా పరిహారం ఇవ్వదు. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు విడిగా తీసుకోవాలి. మునిగిన కారును బయటికి తీయగానే స్టార్టు చేయకుండా లాగించి మెకానిక్కు వద్దకు చేర్చడం అవసరం.