జడుపు అనే మాట: గ్యాసు రాత్రి తర్వాత వెంకటాపురం పిల్లలు

బాల్యంలో తగిలే మానసిక ఆఘాతం మీద మన సదస్సుల్లో చదివే పత్రాలు చాలావరకు ఒకే చోట మొదలవుతాయి. విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా బృందం అమెరికాలో సుమారు 9,500 మంది పెద్దలను ప్రశ్నించి 1998లో ప్రచురించిన ప్రతికూల బాల్యానుభవాల పట్టిక అది. కొట్టారా, తిట్టారా, ఇంట్లో తాగుబోతులున్నారా, జైలుకెళ్లినవాళ్లున్నారా అని అడుగుతుంది. తర్వాత అంశాలు పదికి పెరిగినా దాదాపు ఏవీ గడప దాటలేదు. దాన్ని తెలుగులోకి దించి విశాఖ పిల్లలకు మార్కులు వేస్తున్నవారితోనే నా తగాదా. కిటికీలోంచి గాలితోపాటు వచ్చిన హానిని ఆ పట్టికలో ఏ గడిలో రాస్తారు?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి వచ్చింది. సైరన్ మోగలేదు. కనీసం పన్నెండు మంది చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. లాక్‌డౌన్‌లో బడి మూతపడి ఉంది. తోటి పిల్లలతో ఆ రాత్రి సంగతి చెప్పుకునే తావు కూడా లేకపోయింది.

ఆ పట్టిక మీద నా అనుమానం మొదలైంది వెంకటాపురంలో కాదు, ఫిషింగ్ హార్బర్‌లో. వెంకటాపురం అవ్వ ఒకామె మనవణ్ణి వెంటబెట్టుకుని చేపలకు వచ్చింది. ఒడ్డున ఫైబర్ పడవకు అతుకు వేస్తున్నారు. పిల్లాడు ఉన్నచోటే బిగుసుకుపోయి, అవ్వ చెంగు ముక్కుకు అదుముకున్నాడు. నేను అడగకముందే ఆమె అంది: "గుంటడు జడిసిపోనాడు బాబూ. ఆ రాత్తిరి కంపే ఇది." ఆమె పోలిక కాదు చెప్పింది, అక్షరాలా నిజం. ఫైబర్ పడవలకు మామూలుగా వాడే పాలిస్టర్ రెజిన్‌ను పలచన చేసేది స్టైరీనే. ఏ కౌన్సెలరు ప్రశ్నపత్రంలోనూ నాకు కనబడని సంగతి ఆమె ముక్కుకు తెలుసు.

ఆమె వాడిన జడుసుకోవడం అనే మాటనే పట్టుకుందాం. జడుసుకోవడానికి కర్త పిల్లాడు, కారణానికి కి/కు ప్రత్యయం. "దేనికి జడుసుకున్నాడు?" అనే అడుగుతాం. అంటే ఈ క్రియ కారణాన్ని బయట వెతకమంటుంది, అమెరికా పట్టిక ఇంట్లో దోషిని వెతకమంటుంది. "జడుపు జ్వరం" అన్నప్పుడు భయమూ ఒళ్లూ వేరుకావు. నిద్రలో ఉలికిపాటు, పక్క తడపడం, అన్నం ముట్టకపోవడం, వేడి అన్నీ ఒక్క పేరు కిందికే వస్తాయి. ఇక చికిత్స. ఉప్పు దిగదుడుస్తారు, మసీదు దగ్గర ఊదిస్తారు, తాయెత్తు కడతారు. వీటిని మూఢనమ్మకాలని కొట్టిపారేసేవాళ్లు, వీటితోపాటు తప్పకుండా జరిగే ఒక పనిని చూడరు: ఆ రాత్రి నుంచి పిల్లాణ్ణి ఒంటరిగా పడుకోబెట్టరు. అమ్మమ్మో నాయనమ్మో పక్కన చేరుతుంది. భయం పోవాలంటే ఎవరో ఒకరు తోడు పడుకోవాలన్న తర్కం ప్రభుత్వానికీ తట్టినట్టుంది. గ్యాసు తర్వాత ఖాళీ చేయించిన ఊళ్లకు జనం తిరిగొచ్చినప్పుడు ధైర్యం చెప్పడానికి మంత్రులు అక్కడే రాత్రి బస చేశారు. నా దృష్టిలో అది జడుపు వైద్యమే, చేసినవాళ్లు ఒప్పుకోకపోవచ్చుగానీ.

ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లాడి వణుకును కూడా జడుపు కింద కప్పేసే ఇళ్లున్నాయి, అది నిజమే. అయినా ఉత్తరాంధ్రలో పిల్లల ఆఘాతానికి ఇంతకంటే కచ్చితమైన నిర్ధారణ పదం లేదనే నా వాదం. ఆ మాటకొస్తే హుద్‌హుద్ తుపాను గాలికి, రిఫైనరీ మంటలకు, ఉక్కు కర్మాగారం కోసం ఊళ్లు ఖాళీ చేయడానికి జడుసుకున్న తరాల చరిత్ర రాయడానికీ ఇదే సరైన పనిముట్టు.

చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరెత్తితే ఎగతాళి చేస్తారని వెనకాడే తల్లి కూడా "మావోడు జడుసుకున్నాడు" అని నలుగురిలో సంకోచం లేకుండా చెబుతుంది. సాయం చేయదలచినవారు ఆ వాక్యం దగ్గర కూర్చుని, దేనికి అని అడగాలి. ఏ వాసనకు, ఏ చప్పుడుకు, ఏ వేళకు? జవాబు పిల్లాడి దగ్గరకంటే ముందు అవ్వ దగ్గర దొరుకుతుంది. హార్బర్ అవ్వ ఇప్పుడూ చేపలకు వస్తూనే ఉంది. పడవల పని జరుగుతుంటే మాత్రం గాలివాటం చూసుకుని, మనవణ్ణి అవతలి వైపు నుంచి తిప్పి తీసుకెళుతుంది.