ముఖతొడుగు మాటున మనసులో మాట



మనసులో మాట నలుగురిలో అనాలంటే ఎవరికైనా జంకే. పెద్దవాళ్ళ ముఖం మీద అనాలంటే మరీనూ! కొరియా దేశపు పల్లె ప్రజలు దీనికో ఉపాయం కనిపెట్టారు. ముఖానికి తొడుగు పెట్టుకుని, ఆడుతూ పాడుతూ అనేశారు. ఆ ఆటను 'తల్‌చుమ్' అంటారు. 'తల్' అంటే ముఖతొడుగు, 'చుమ్' అంటే నాట్యం.

దక్షిణ కొరియాలో ఆన్‌దోంగ్ దగ్గర, ఏటి వంపులో హహ్వే అనే ఊరుంది. ర్యూ వంశపు దొరలకు పేరుపడ్డ ఊరు. అక్కడ కొన్నేళ్ళకోసారి గ్రామదేవతకు జాతర చేసి, చెక్క ముఖతొడుగులతో ఆడేవారు. ఆ తొడుగుల గురించి ఒక కథ చెబుతారు. హొ అనే యువకుడు దేవత ఆజ్ఞ ప్రకారం తలుపు మూసుకుని, ఎవరి కంటా పడకుండా వాటిని చెక్కుతున్నాడట. అతన్ని ప్రేమించిన పిల్ల ఉండబట్టలేక లోపలికి తొంగిచూసింది. అంతే, అతను నెత్తురు కక్కుకుని చనిపోయాడట! అందుకే ఇమే అనే అమాయకుడి తొడుగుకు నేటికీ గడ్డం లేదు. చూశారా, అక్కడా తప్పు ఆడపిల్ల మీదికే వచ్చింది!

దొరగారి తొడుగుకు దవడ విడిగా ఉంటుంది, దారంతో కట్టి. తల వెనక్కి వాలిస్తే నవ్వుతాడు, వంచితే మూతి ముడుస్తాడు. పండితుడు "నేను చతుర్గ్రంథాలు చదివాను" అంటే, "నేను అష్టగ్రంథాలు చదివాను" అంటాడు దొర. ఉన్నవి నాలుగే! జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. దొరలు మాత్రం దీన్ని ఆపించలేదు, పైగా ఖర్చుకు సాయం చేసేవారు. పొంగే కుండ మీద మూత కాస్త జరిపితే పొయ్యి ఆరిపోకుండా ఉంటుందని వాళ్ళకు తెలియదూ!

ఇక మన సంగతి. ఆటలో ఒక ముసలమ్మ మగ్గం ముందు కూర్చుని, చిన్నతనంలోనే భర్త పోయిన తన బతుకును పాటగా పాడుకుంటుంది. కానీ ఆ వేషం కట్టేదీ మగవాడే. ఆమె కష్టం నలుగురి మధ్యకూ వచ్చింది గానీ, ఆమె గొంతు రాలేదు.

జపానువారి ఏలుబడిలో, 1928 తర్వాత ఈ జాతర ఆగిపోయింది. 1964లో ఆ తొడుగులను ప్రభుత్వం జాతీయ నిధిగా ప్రకటించింది. 1970ల్లో ఆటను మళ్ళీ బతికించుకున్నారు. 2022లో యునెస్కో తల్‌చుమ్‌ను మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. ఈనాడు తల్‌చుమ్ ఆడేవారిలో స్త్రీలూ ఉన్నారు.

ఆ ఆటలో స్త్రీలకు చోటు దొరికే రోజు రావడానికి ఎంత కాలం పట్టిందో చూడండి! మన ఇళ్ళల్లో మాత్రం అమ్మ మాటను, అత్తగారి మాటను అంతకాలం ఆపకుండా విందాం. సెలవు.