జైపూర్ పాదం

కాలు కోల్పోయినవారికి అమర్చే రబ్బరు కృత్రిమ పాదం. 1968లో జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో శిల్పి రామచంద్ర శర్మ, ఎముకల వైద్యుడు పి.కె. సేఠీ, వారి సహచరులు రూపొందించారు. అంతకుముందు వాడిన పాశ్చాత్య పాదానికి బూటు తప్పనిసరి. దానితో గొంతుక్కూర్చోవడం, బురదలో దిగడం కష్టం. జైపూర్ పాదం చీలమండ దగ్గర ఇటూ అటూ వంగుతుంది కాబట్టి బాసింపట్టు వేసుకోవచ్చు, వట్టికాళ్లతో పొలంలో నడవవచ్చు. 1981లో సేఠీకి మెగసెసే పురస్కారం వచ్చింది; శర్మ పనితనానికి అంత పేరు రాకపోవడం అన్యాయమే. 1975లో డి.ఆర్. మెహతా స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఈ పాదాన్ని ఉచితంగా అమరుస్తోంది. విదేశాల్లోనూ శిబిరాలు నడిపింది. ఈ పాదంతో నర్తించిన సుధా చంద్రన్ జీవితంపై 1985లో తెలుగులో ‘మయూరి’ చిత్రం వచ్చింది. అయితే శిబిరంలో అమర్చి పంపితే చాలదు. మొండికాలు సన్నబడితే దాన్ని పట్టి ఉంచే సాకెట్ వదులై పుండ్లు పడతాయి; అరిగిన పాదాన్ని మార్చాలి. అందుకు శిక్షణ పొందిన పనివారు జిల్లా ఆసుపత్రుల్లోనే ఉండాలి.