ఎలక్ట్రోకెమికల్ స్పార్క్ మెషీనింగ్: పనితీరును నిర్ణయించే అంశాలు

గాజు, క్వార్ట్జ్, సిరామిక్కుల వంటి గట్టి, పెళుసు పదార్థాల్లో సన్నని రంధ్రాలు, కాలువలు తొలిచే పద్ధతి ఎలక్ట్రోకెమికల్ స్పార్క్ మెషీనింగ్ (ఈసీఎస్‌ఎం). దీన్ని ఎలక్ట్రోకెమికల్ డిశ్చార్జ్ మెషీనింగ్ అని కూడా అంటారు. మామూలు స్పార్క్ మెషీనింగ్‌కైనా, ఎలక్ట్రోకెమికల్ మెషీనింగ్‌కైనా తొలిచే వస్తువు (జాబ్) విద్యుద్వాహకమై ఉండాలి. ఈసీఎస్‌ఎంలో రవ్వ టూల్‌కూ ద్రావణానికీ మధ్యనే పుడుతుంది కాబట్టి జాబ్‌కు ఆ గుణం అవసరం లేదు.

చరిత్ర

ఈ పద్ధతితో గాజుకు రంధ్రం చేయవచ్చని జపాన్‌కు చెందిన కురాఫుజి, సుదా 1968లో చూపారు. రవ్వ ఎలా పుడుతుందో వివరించే సైద్ధాంతిక నమూనాను ఇంద్రజిత్ బసాక్, అమితాభ ఘోష్ 1996లో ప్రచురించారు. ఐఐటీ కాన్పూర్, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయాల్లోనూ ఈ పద్ధతిపై విస్తృతంగా పరిశోధనలు జరిగాయి.

పనిచేసే తీరు

సోడియం హైడ్రాక్సైడ్ లేదా పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో సన్నని టూల్‌ను కాథోడ్‌గా, దానికంటే ఎన్నో రెట్లు పెద్దదైన పలకను ఆనోడ్‌గా ఉంచుతారు. కరెంటు పారగానే టూల్ చుట్టూ హైడ్రోజన్ బుడగలు పుడతాయి. వోల్టేజి ఒక హద్దు దాటితే ఆ బుడగలు కలిసిపోయి టూల్‌ను వాయుపొరలా కమ్మేస్తాయి. సాధారణంగా ఈ హద్దు 25–30 వోల్టుల దగ్గర ఉంటుంది. పొర ద్రావణాన్ని టూల్‌కు తగలనివ్వదు. అప్పుడు విద్యుత్తు పొరను చీల్చుకుని రవ్వలుగా దూకుతుంది. టూల్ మొనకు అతి దగ్గరగా ఉన్న గాజు ఆ వేడికి మెత్తబడి కరుగుతుంది. వేడెక్కిన క్షారం సిలికాతో చర్య జరిపి సోడియం లేదా పొటాషియం సిలికేట్‌గా దాన్ని కరిగించేస్తుంది. అంటే పదార్థం తొలగడంలో వేడికీ, రసాయన చర్యకూ రెండింటికీ పాత్ర ఉంది.

పనితీరును పదార్థం తొలగే వేగం, రంధ్రం టూల్ కంటే ఎంత వెడల్పయింది (ఓవర్‌కట్), పైనుంచి కిందికి ఎంత సన్నబడింది (టేపర్), అంచు చుట్టూ వేడికి దెబ్బతిన్న మేర, ఉపరితలం గరుకుదనం, టూల్ అరుగుదల ద్వారా అంచనా వేస్తారు. కింది అంశాల్లో చాలావరకు వాయుపొర మందాన్నో, నిలకడనో మార్చడం ద్వారానే వీటిని ప్రభావితం చేస్తాయి.

వోల్టేజి, పల్స్

అన్నిటికంటే బలమైన అంశం సాధారణంగా వోల్టేజే. అది పెరిగితే రవ్వల శక్తి పెరిగి తొలిచే వేగం హెచ్చుతుంది. దాంతోపాటే ఓవర్‌కట్ పెరుగుతుంది, వేడి వ్యాపించి అంచుల్లో సూక్ష్మమైన పగుళ్లు వస్తాయి. నిరంతర సరఫరాకు బదులు పల్స్‌లు వాడితే విరామంలో జాబ్ చల్లబడి అంచులు శుభ్రంగా వస్తాయి. విరామం మరీ ఎక్కువైతే వాయుపొర చెదిరిపోతుంది. ప్రతిసారీ కొత్తగా ఏర్పడవలసి రావడంతో వేగం పడిపోతుంది.

టూల్‌ను ఆనోడ్‌గా మార్చి క్వార్ట్జ్‌పై చేసిన ప్రయోగాల్లో కోత వేగం పెరిగింది. కానీ ఓవర్‌కట్, గరుకుదనం, టూల్ అరుగుదల కూడా పెరిగాయి. అందుకే టూల్‌ను కాథోడ్‌గా ఉంచడమే వాడుక.

ద్రావణం

ఉప్పు ద్రావణాలతోనూ రవ్వలు వస్తాయి. అయితే క్షారాలు గాజును రసాయనికంగా కూడా కరిగిస్తాయి కాబట్టి వేగంలోనూ నునుపులోనూ అవే మేలు. గాఢతను ఎక్కువగా 10–30 శాతం మధ్య ఉంచుతారు. గాఢతతో పాటు విద్యుద్వాహకత కొంతవరకే పెరుగుతుంది, ఆపై తగ్గుముఖం పడుతుంది. చిక్కదనం పెరిగి ద్రావణం సన్నని సందుల్లోకి చేరడమూ కష్టమవుతుంది. జాబ్ పైన ద్రావణం మట్టం ఎక్కువైతే టూల్ పక్కల నుంచి కూడా రవ్వలు వెలువడి శక్తి వృథా అవుతుంది. మరీ తక్కువైతే ద్రావణం ఆవిరై రవ్వలు తెగిపోతాయి. తలతన్యతను తగ్గించే పదార్థాలను కలిపితే వాయుపొర పల్చబడి, తక్కువ వోల్టేజిలోనే రవ్వ మొదలవుతుంది.

టూల్, ఫీడ్

రంధ్రం సుమారు 200–300 మైక్రోమీటర్ల లోతు దాటాక వేగం బాగా మందగిస్తుంది. మొన కిందికి తాజా ద్రావణం చేరకపోవడమే ఇందుకు ప్రధాన కారణం. లోతుకు పోవడానికి చేసే మార్పులు చాలావరకు ఈ అడ్డంకిని తొలగించేవే. గుండ్రని మొన జాబ్‌ను తక్కువ మేర తాకుతుంది కాబట్టి ద్రావణానికి దారి దొరుకుతుంది. టూల్‌ను తిప్పడం, కంపింపజేయడం ద్రావణాన్ని లోపలికి లాగుతాయి. ఇవి మోతాదు మించితే వాయుపొరే చెదురుతుంది. టూల్ పక్కలకు విద్యుత్ నిరోధక పూత వేస్తే రవ్వలు మొనకే పరిమితమై టేపర్ తగ్గుతుంది.

టూల్‌ను దాని బరువుతోనే దిగనిచ్చే ఏర్పాటు సులువైనది. యంత్రంతో స్థిర వేగంలో దించేటప్పుడు ఫీడ్ రేటు (టూల్ దిగే వేగం) తొలిచే వేగాన్ని మించితే మొన గాజుకు తగిలి టూల్ వంగుతుంది, లేదా జాబ్ పగులుతుంది.

అంశాల ఎంపిక

వేగాన్ని పెంచే మార్పు చాలాసార్లు ఖచ్చితత్వాన్ని తగ్గిస్తుంది. పైగా ఒక అంశం ప్రభావం మరోదాని విలువపై ఆధారపడి ఉంటుంది: ఒక గాఢతకు సరిపోయిన వోల్టేజి మరో గాఢతకు ఎక్కువ కావచ్చు. అందువల్ల పరిశోధకులు టగుచి పద్ధతి, రెస్పాన్స్ సర్ఫేస్ పద్ధతి వంటి ప్రయోగ రూపకల్పనలతో అన్నిటినీ కలిపి పరీక్షిస్తారు. సూక్ష్మ ద్రవ పరికరాల గాజు పలకల్లో కాలువ అంచు నునుపే ముఖ్యం కాబట్టి, రవ్వ మొదలయ్యే హద్దుకు కాస్త పైనున్న వోల్టేజినీ, పల్స్ సరఫరానూ ఎంచుకోవడం మేలు. ఆరపార రంధ్రాలు త్వరగా తొలచాల్సిన చోట కొంత ఓవర్‌కట్‌ను భరించి వోల్టేజి పెంచవచ్చు.