సీసం పోయింది, రింగు వచ్చింది

పాత అంబాసిడర్ ఇంజన్ విప్పి హెడ్డు తిరగేస్తే ఎనిమిది వాల్వు సీట్లు కనిపిస్తాయి. ఎగ్జాస్ట్ సీట్లు అరిగి వాల్వులు లోపలికి దిగిపోయి ఉంటే, ‘రింగులు వెయ్యాలి’ అంటాడు మెకానిక్. బండి కొత్తగా వచ్చిన రోజున ఆ రింగులు లేవు. పోత ఇనుప హెడ్డులోనే సీటు కోసి పంపేవారు. అప్పట్లో అక్కర్లేని రింగు ఇప్పుడెందుకు కావాల్సి వచ్చింది?

అసలు కథ 1921 డిసెంబరు 9న అమెరికాలోని డేటన్‌లో మొదలైంది. ఇంజన్ నాకింగ్‌కు మందు వెతుకుతున్న జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్జ్‌లీకి టెట్రాఇథైల్ లెడ్ దొరికింది. పెట్రోలులో కాస్త కలిపితే చాలు, నాకింగ్ ఆగిపోయింది. 1923లో దాన్ని ‘ఇథైల్’ అని అమ్మకానికి పెట్టారు. పేరులో సీసం ఊసే లేదు, గడుసువాళ్లు! మరుసటి ఏడాదే దాన్ని తయారుచేసే చోట సీసం విషమెక్కి కార్మికులు చనిపోయారు.

ఆ సీసం ఎవరూ అడగని పని ఇంకొకటి చేసిపెట్టింది. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే, ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు సీటు మీద పడుతుంది. ఎగ్జాస్ట్ వాల్వయితే నిప్పులా కాలి ఉంటుంది. వేడి ఇనుముకు వేడి ఇనుము తగిలి చుక్కచుక్కగా అతుక్కుంటుంది, విడిపోయేటప్పుడు సీటు రేణువులు ఊడిపోతాయి. పెట్రోలు మండాక మిగిలిన సీసపు పొర ఈ రెంటి మధ్యా పరుచుకుని అతుకు పడనిచ్చేది కాదు.

1970ల్లో అమెరికా కార్లకు కేటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. సీసం తగిలితే వాటిలోని ప్లాటినం పనిచేయదు. దాంతో పెట్రోలు నుంచి సీసాన్ని తీసెయ్యక తప్పలేదు. ఇనుప సీట్ల బలహీనత అప్పుడు బయటపడింది. కొందరు సీటును విద్యుత్ వేడితో గట్టిపరిచారు, మరికొందరు గట్టి మిశ్రలోహపు రింగు దిగ్గొట్టారు. రింగేమీ కొత్తది కాదు. మెత్తని అల్యూమినియం హెడ్లకు అది మొదటినుంచీ తప్పనిసరే. మన దగ్గర సీసం లేని పెట్రోలు 1995లో నాలుగు మహానగరాలకూ, 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటికీ వచ్చింది.

రింగు వెయ్యడమంటే మాటలు కాదు. పాత సీటును గుండ్రంగా తొలిచి, ఆ గుంట కన్నా వెంట్రుకవాసి పెద్ద రింగు తీసుకోవాలి. హెడ్డును వేడిచేసి, రింగును బాగా చల్లబరిచి, ఒక్క ఊపున దించాలి. రెండూ ఒకే వేడికి వచ్చేసరికి రింగు బిగుసుకుంటుంది. తర్వాత 45 డిగ్రీల వాలు కోసి, గ్రైండింగ్ పేస్టుతో వాల్వును రుద్ది, కిరోసిన్ పోసి లీకు చూడాలి. గుంట లోతు ఎక్కువైతే నీళ్ల దారికి చిల్లు పడుతుంది, హెడ్డు తుక్కుకే. అందుకే చెయ్యి తిరిగిన లేతు పనివాడికే ఇవ్వాలి.

లోపలికి వచ్చే చల్లని గాలి, పెట్రోలు తగిలే ఇన్‌లెట్ సీట్లకు ఈ తంటా అరుదు. ఎగ్జాస్ట్ వైపు కూడా ముందు ట్యాపెట్ గ్యాపు కొలిచి రాసిపెట్టుకోండి. పదేపదే సరిచేసినా గ్యాపు తగ్గిపోతూనే ఉంటే హెడ్డు విప్పండి. తగ్గకపోతే ఉన్న సీటును ఉన్నట్టే వదిలెయ్యండి.