సగంలో ఆగిపోయిన నడుము వైద్యం

డ్యూటీ, ఓవర్‌టైమ్ మధ్యలో ఎపిసోడ్ మొత్తం వినడం కుదరనోళ్ల కోసం ఇక్కడ రాస్తున్నా. నేను డాక్టర్‌ని కాదు. ఐటీఐ చదివి, సైట్ల మీద మనుషులతో పని చేయించేవాణ్ణి.

1862లో ఎడ్విన్ స్మిత్ అనే అమెరికన్ ఈజిప్టులోని లక్సర్‌లో ఒక పపైరస్ చుట్ట కొన్నాడు. దాదాపు 3,600 ఏళ్ల కిందటి వైద్యం రాత అది. జేమ్స్ బ్రెస్టెడ్ 1930లో ఇంగ్లిష్ అనువాదం అచ్చేయించాక లోపలున్నది లోకానికి బాగా తెలిసింది. 48 కేసులు, ఎక్కువగా దెబ్బలే. తల నుంచి మొదలై మెడ, భుజం, ఛాతీ మీదుగా కిందికి దిగుతాయి. యుద్ధంలో తగిలినవని కొందరు, కట్టడం పనిలో తగిలినవని కొందరు పండితులు అంటారు. నా మనసు రెండోవాళ్ల వైపే. ఎందుకంటే గిజా పిరమిడ్ల దగ్గర 1990లో పనివాళ్ల సమాధులు బయటపడ్డాయి. ఈ పపైరస్ కన్నా అవి ఇంకా పాతవి. ఆ అస్థిపంజరాల్లో నడుము పూసలు బరువులు మోసి అరిగిపోయి ఉన్నాయి.

31వ కేసులో మెడ పూస తప్పిన మనిషి ఉంటాడు. కాళ్లు చేతులు తెలియవు, మూత్రం దానంతటదే కారిపోతుంది. దెబ్బ మెడలో, చచ్చుబడింది కాళ్లలో! ఆ రెంటికీ సంబంధం ఉందని ఆ కాలంలోనే కనిపెట్టారు. కానీ వైద్యం లేదని రాసేశారు.

చివరిది, 48వది, వెన్నుపూస బెణికిన కేసు. కాళ్లు చాపి, మళ్లీ ముడవమని చెప్పాలి. చాపగానే నొప్పికి వెంటనే ముడుచుకుంటాడు. ఇవాళ డాక్టర్ మనల్ని పడుకోబెట్టి కాలు లేపి చూస్తాడే, దానికి తాత లాంటి పరీక్ష. దీనికి వైద్యం ఉందని రాశారు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టమన్నారు. ఆ తర్వాత వాక్యం మధ్యలోనే రాత ఆగిపోయింది. మిగతా పపైరస్ ఖాళీ.

అసలు గుట్టు తేలింది 1934లో. పూసల మధ్య మెత్తలాగా డిస్కులుంటాయి. చుట్టూ గట్టి పట్టీ, లోపల గుజ్జు. వెన్నుపాము నుంచి 31 జతల నరాలు పూసల పక్కనుంచే బయటికొస్తాయి. పట్టీ చిరిగి గుజ్జు బయటికి తన్నితే పక్కనున్న నరం నలుగుతుంది. అందుకే నడుములో జబ్బైతే కాలు గుంజుతుంది. అంతకుముందు ఆపరేషన్లలో ఆ ముక్క కనబడితే గడ్డ అనుకునేవాళ్లు. అది డిస్కు ముక్కే అని బోస్టన్ డాక్టర్లు మిక్స్‌టర్, బార్ తేల్చి రాశారు.

వెన్నుపాము నడుము పైభాగంలోనే అయిపోతుంది. ఆ కింద నరాల కట్టే ఉంటుంది, గుర్రం తోక అని దాని పేరు. ఆ కట్ట మొత్తం నలిగితే మూత్రం మీద పట్టు పోతుంది, కూర్చునే చోట మొద్దుబారుతుంది. అప్పుడు రేపు చూద్దాం అనడానికి లేదు, గంటల లెక్కే.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. మా గ్యాంగ్‌లో షట్టరింగ్ తమ్ముడొకడు "అన్నా, నడుము నుంచి కాలి దాకా కరెంటు కొట్టినట్టుంది" అన్నాడు. "స్లాబ్ రోజొస్తే అందరికీ నడుమే నొస్తది" అని నవ్వి, బామ్ ఇచ్చి పంపిన. మూడో రోజు రాత్రి రూమ్మేట్ ఫోన్ చేసిండు, వాడికి ఒంటికి పోయేది తెలుస్తలేదని. ఎమర్జెన్సీకి తీసుకుపోతే తెల్లారేలోపు ఆపరేషన్ చేశారు.

ఇప్పుడు నడుస్తున్నాడు, ఎడమ పాదం కొంచెం ఈడుస్తాడు. ఊర్లో కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. నేను ఫోన్ చేస్తే, నేను అడిగేలోపే వాడే అడుగుతాడు: "అన్నా, నీ నడుమెట్లుంది?"